గేటు దగ్గర ఎండని చెట్లు

మా బామ్మర్ది మధుసూదన్‌కు ఎండిన ఆకు కనిపిస్తే ఒళ్ళు మండుతుంది. చెట్టు మీద జాలి అనుకునేరు, అదేం కాదు. ఎండిన ఆకును చూస్తే ప్లాటు కొనడానికి వచ్చినవాడు మొహం తిప్పుకుని పోతాడని భయం. కారు టైరుకు బురద అంటినా, తెల్ల చొక్కా మీద చెమట మచ్చ పడినా అదే భయం. ఇలాంటి మనిషి గురించి రాయడానికి కాగితం దండగ అంటుంది మా ఆవిడ మనోరమ. సొంత తమ్ముడు కాబట్టి అంటుంది. నాకు బామ్మర్ది. బామ్మర్దిని బావ తిట్టకపోతే ఇంకెవరు తిడతారు?

వాళ్ళది గౌడవెల్లి. మా మామ ద్రాక్ష పండించేవాడు. అప్పట్లో మేడ్చల్ చుట్టుపక్కల ఎటు చూసినా ద్రాక్ష పందిళ్ళే. మామ నోట్లో నాలుక లేని మనిషి, పొద్దస్తమానం పందిళ్ళ కిందే ఉండేవాడు. కొడుకు మాత్రం మీసం రాకముందే వ్యాపారం నేర్చాడు. గంపలో అడుగున చితికిన గుత్తులు పడేసి, పైన నిగనిగలాడే గుత్తులు పేర్చేవాడు. "పైన కనవడేదే సరుకు బావా. అడుగున ఏమున్నదో ఎవడు సూస్తడు?" అని నాకే చెప్పాడొకసారి, అదేదో వేదమన్నట్టు.

నేను మేడ్చల్‌లో ఒక జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు గుండ్లపోచంపల్లిలో ఉంటున్నాం. వీడికి ఇంటర్‌లో బాటనీ చెప్పిన పాపం కూడా నాదే. ఆకు అడుగున పత్రరంధ్రాలు ఉంటాయిరా, నీళ్ళు తక్కువైతే చెట్టు వాటిని మూసుకుంటుంది, అప్పుడు ఎదగడం మానేసి ప్రాణం నిలుపుకుంటుంది అని బొమ్మ గీసి మరీ చెప్పాను. "చెట్టు మూసుకుంటది సరే, నువ్వెప్పుడు మూసుకుంటవ్ బావా?" అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు. బాటనీలోనే తప్పాడు.

పరీక్ష తప్పినవాడికి చదువంటే కోపం రావాలి. వీడికి భక్తి పుట్టింది. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంట్లోవాళ్ళు తెలుగులో చెప్పిన మంచిమాట చెవికెక్కదు గానీ, మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకున్నవాడు ఇంగ్లీషులో తుమ్మినా తల ఊపుతాడు. వాళ్ళతో ఫోటో దిగి హాల్లో తగిలిస్తాడు.

మామ పోగానే ద్రాక్ష పందిళ్ళు పీకించి హద్దురాళ్ళు పాతాడు. రింగురోడ్డు వచ్చింది, వెంచర్లు వచ్చాయి, వీడి మెడలోకి గొలుసొచ్చింది. శామీర్‌పేట వైపు ఇంకో వెంచర్ వేశాడు. 'మన మధన్న' అని ఫ్లెక్సీలు కట్టించుకుని మున్సిపాలిటీకి నిలబడ్డాడు. సొంత వీధిలో కూడా ఓట్లు పడలేదు. ఫ్లెక్సీల్లో తన రంగు సరిగ్గా రాలేదని, అందుకే ఓడిపోయానని ఏడాది పాటు ఆ ఫ్లెక్సీ వేసినవాణ్ణి తిట్టుకుంటూ తిరిగాడు.

అమ్మకుండా మిగిలింది గౌడవెల్లిలో ఒక్క మామిడితోట. అది వీడి భార్య శైలజది. నాకు చెల్లెలి వరస, నన్ను అన్నా అని పిలుస్తుంది. తక్కువ మాట్లాడే మనిషి. బండ మీద జానెడు మట్టి ఉన్న ఆ నేలలో గడ్డి మొలిచేది కాదు. చెరువు మట్టి తోలించి, బోరు వేయించి, డ్రిప్ పైపులు పరిపించి, హిమాయత్ మామిడి మొక్కలు నాటింది. పిల్లల్ని చూసినట్టు చూసుకుంది. వేసవిలో మా ఇంటికి బుట్ట వచ్చేది. అడుగున పండు కూడా పైపండు లాగే ఉండేది.

వెంచర్ పిచ్చి ఆ తోట మీదికి కూడా పాకింది. ఒక పండగ భోజనాల దగ్గర వీడు తోటకు కూడా లేఅవుట్ గీయించానన్నాడు. శైలజ వడ్డించే గంటె కింద పెట్టి, "గదొక్కటి ముట్టకు" అంది. అంతే అంది. మనోరమ తమ్ముణ్ణి నలుగురిలో కడిగేసింది. వీడు అరచేయి చాపి ప్రమాణం చేశాడు.

"సరె అక్కా, సరె. తోట పచ్చగున్నన్ని దినాలు నేను దాని జోలికి పోను. బావ సాక్షి."

పచ్చగున్నన్ని దినాలు. సొంత భార్యకు ఇచ్చిన మాటకు కూడా షరతు తగిలించకుండా ఉండలేకపోయాడు చూడండి. శైలజ మాత్రం ఆ మాటనే నమ్ముకుంది. తోట పచ్చగా ఉంచడం తన చేతిలో పని అనుకుంది.

ఆ తర్వాతే అశ్రిత వచ్చింది. ఏదో పరిశోధన సంస్థలో పనిచేసే పిల్ల. స్కూటీ మీద శామీర్‌పేట చుట్టుపక్కల చెట్లు వెతుక్కుంటూ, వీడి వెంచర్ గేటు దగ్గర ఆగింది. లేఅవుట్‌కు అడ్డం రాలేదని కొట్టకుండా వదిలేసిన చెట్లు అక్కడ కొన్ని ఉన్నాయి. వేపలు, కానుగలు, రెండు మామిళ్ళు. వాటి కింద ప్రయోగం చేసుకోనిస్తారా అని అడిగింది. సైంటిస్టు తన గేటు ముందు నిలబడి అడిగేసరికి వీడికి కాళ్ళు నేల మీద ఆనలేదు. నాకు ఫోన్ చేసి, "బావా, జల్దీ రా, సైన్సు సంగతి, నువ్వైతే జర సమజ్ జేపిస్తవు" అన్నాడు.

వెళ్ళాను. పిల్ల ఓపిగ్గా చెప్పింది. వాతావరణం రాబోయే రోజుల్లో ఎలా ఉంటుందో లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్ళు ఉంటాయట. అవి నేలను గళ్ళుగళ్ళుగా కోసి, ఒక్కో గడికి ఎంత వాన, ఎంత ఎండ, చెట్లు ఎన్ని నీళ్ళు గాలిలోకి వదులుతాయి అని లెక్క వేస్తాయట.

"ఒక్క గడి ఎంత పెద్దదమ్మా?" అని అడిగాను.

"మేడ్చల్, శామీర్‌పేట, ఇంకా అవతల చాలా దూరం కలిపి ఒక్క గడి అంకుల్."

"అందులో చెట్లు?"

"దాదాపు అన్నీ ఒకే రకం కింద లెక్క."

నేను పకపకా నవ్వాను. వేప, మామిడి, సర్కారు తుమ్మ, అన్నీ ఒకటేనట! ఈ బాటనీ నేను చెప్పుంటే నా స్టూడెంట్లు నన్ను క్లాసులోనే ఊరేగించేవాళ్ళు. పిల్ల చిన్నబుచ్చుకోలేదు.

"అందుకే అంకుల్ ఈ ప్రయోగం. కరువొస్తే చెట్టు ఎప్పుడు పత్రరంధ్రాలు మూస్తుంది, ఎప్పుడు ఆకు రాలుస్తుంది, ఎప్పుడు చస్తుంది అన్నది మోడళ్ళకు సరిగ్గా పట్టుబడట్లేదు. కొన్నిచోట్ల మోడల్లో చెట్లు ముందే చచ్చిపోతాయి, కొన్నిచోట్ల చావమన్నా చావవు. నిజం చెట్టు ఏం చేస్తుందో చూస్తేనే కదా, మోడల్ ఎక్కడ తప్పుతోందో తెలిసేది."

కొమ్మల కింద, నేలకు నడుమెత్తున, పారదర్శకమైన రేకులు పరుస్తారట. వాన రేకుల మీద పడి పక్క కాలువలోకి పోతుంది, వేరుకు అందదు. మట్టిలో తేమ కొలిచే పరికరాలు గేటు వైపు పాతుతారు. మాను లోపల నీళ్ళు ఎంత పారుతున్నాయో కొలిచేవి కాండానికి కడతారు. రెండు వానాకాలాలు అలా ఉంచి, చెట్లకు కరువు పుట్టించి చూస్తారు. ఒక్కటే నియమం, ఎవరూ నీళ్ళు పోయకూడదు.

"చుక్క పడనియ్య మేడం," అన్నాడు మధుసూదన్ గుండె మీద చేయి వేసుకుని. "బోర్డు మాత్రం పెద్దగ పెట్టాలె."

బోర్డు తనే పెట్టించుకున్నాడు. 'కరువు పరిశోధనా వనం' అని. గుప్పెడు చెట్లకు వనం అని పేరు. కింద వెంచర్ ఫోన్ నంబరు.

రెండేళ్ళు గడిచాయి. అశ్రిత ప్రతి సోమవారం వచ్చి కొలతలు తీసుకుపోయేది. చెట్లు ఎండలేదు. వేప సంగతి సరే, మొండి జాతి. మామిళ్ళు కూడా పచ్చగా నిలబడ్డాయి. మట్టిలో తేమ లేదని గేటు వైపు పరికరాలు చెబుతున్నాయి, మానులో నీళ్ళు పారుతున్నాయని కాండానికి కట్టినవి చెబుతున్నాయి. ఆ నీళ్ళు ఎక్కడివి? ఆలోచించి ఆలోచించి, వేళ్ళు బండ పగుళ్ళలోకి దిగి లోపలి తేమ తాగుతున్నాయని తేల్చారు. అలాంటివి ఉంటాయి, నేనూ కాదనను. మోడల్లో చెట్ల వేళ్ళను లోతుకు దించారు. అంతకుముందు వాళ్ళ గడిలో ఎండిపోయిన చెట్టు, వేళ్ళు పొడవు చేయగానే పచ్చగా నిలబడిందట. లెక్క కుదిరింది. అందరికీ ఆనందం.

మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో సభ పెట్టారు. వాళ్ళ పెద్దసారు తెర మీద బొమ్మలు వేసి, ఈ నేలలో చెట్లకు మనం అనుకున్నదానికన్నా ఎక్కువ ఓర్పు ఉందన్నాడు. పత్రికలవాళ్ళు బిర్యానీ తిని, 'కరువును జయించిన శామీర్‌పేట చెట్లు' అని రాశారు. ఒక్కడైనా వెళ్ళి ఆ చెట్టు మొదట్లో కాలు పెట్టి చూడలేదు. మధుసూదన్‌కు శాలువా కప్పారు. మైకు దొరికింది కదా, "మా మట్టిలనే దమ్మున్నది" అన్నాడు. ఆ మట్టి ముక్క ముక్కా అమ్ముకున్నది వీడే. శైలజ వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. భర్తకు దక్కిన మర్యాద నిజమనుకుంది పాపం.

పోయినేడు నిజం కరువొచ్చింది. వానలు మొహం చాటేశాయి. చెరువు నడుమ పశువులు మేశాయి. గౌడవెల్లి తోటలో బోరు దగ్గడం మొదలుపెట్టింది. ఆ వచ్చే కాసిని నీళ్ళు కూడా వారం వారం ట్యాంకర్‌కు పట్టుకుని శామీర్‌పేట తోలుతున్నాడు వీడు. వెంచర్లో కట్టుబడి పనులకని చెప్పేవాడు. శైలజ ఒకరోజు మా ఇంటికొచ్చింది.

"అన్నా, తోట మాడుతాంది. ట్యాంకర్ జర బందు పెట్టుమను. నేను జెప్తె ఇంటలేడు."

మర్నాడే వెళ్ళి అడిగాను. వీడు సోఫాలో కాళ్ళు చాపుకుని నవ్వాడు.

"ఏంది బావా, నువ్వు గూడ ఆడోళ్ళ లెక్క పరేషాన్ అయితవు? మామిడి గిట్ల ఎండదు. ఏర్లు బండలకు పోయి నీళ్ళు తాగుతయి. సైంటిస్టులు రెండేండ్లు సూసి రాసిండ్రు."

"అది ఆ చెట్ల సంగతిరా. శైలజ తోట డ్రిప్‌కు అలవాటు పడ్డది. ఏర్లన్ని పైపైననే ఉంటయి. కింద బండ పలక. యాడికి దిగుతయి?"

"నువ్వు ఇంటర్ పిల్లగాండ్లకు జెప్పినవు. గాళ్ళు దునియకు జెప్పిండ్రు. ఎవరి మాట ఇనాలె నేను?"

నాకు ఒక్కసారి అనుమానం తగిలింది. తోట ఎండితే వీడి ప్రమాణం తీరిపోతుంది. కావాలని ఎండబెడుతున్నాడేమో అనుకున్నాను. మొహంలోకి మొహం పెట్టి చూశాను. ఛీ, అంత తెలివి కూడా లేదు. నిజంగానే నమ్ముతున్నాడు. తోటకు ఏమీ కాదని మనసారా నమ్మి, కాళ్ళు ఊపుకుంటూ టీవీ చూస్తున్నాడు. దొంగైతే పట్టుకుని తన్నొచ్చు. ఇలాంటివాణ్ణి ఏం చేయాలి?

శివరాత్రికల్లా తోటలో ఆకు రాలడం మొదలైంది. శైలజ నాకు ఫోన్ చేసి, ఒక్క మాట అడిగింది. "గేటు కాడి మామిండ్లు గూడ గిట్లనే ఉన్నయా అన్నా?"

మంచి ప్రశ్న. ఆ ప్రశ్న ఇన్నాళ్ళూ ఎవరికీ తోచలేదు, బాటనీ చెప్పిన నాకూ తోచలేదు. ఇద్దరం బస్సెక్కి శామీర్‌పేట వెళ్ళాం. శనివారం సాయంత్రం. ప్రయోగం అయిపోయి రేకులు ఎప్పుడో తీసేశారు, బోర్డు మాత్రం ఉంది. బోర్డు వెనక మామిళ్ళు నవనవలాడుతున్నాయి. చెట్ల వెనక ట్యాంకర్ నిలబడి ఉంది. వాచ్‌మన్ సత్తయ్య పైపు పట్టుకుని వేప మొదట్లో నీళ్ళు వదులుతున్నాడు.

"సత్తయ్యా, ఇదేంది?"

"ఐతారం కస్టమర్లొస్తరు గద సార్. శనారం శనారం పోస్తం. ఎప్పటి సందో పోస్తున్నం."

"రేకులున్నప్పుడు గూడనా?"

"గప్పుడు గూడ పోసినం," అన్నాడు సత్తయ్య, ఇందులో దాచేదేముంది అన్నట్టు. "కాని మిషన్లు తడ్వద్దని మా మధు సార్ గట్టిగ జెప్పిండు. మేడం మిషన్లు మస్తు కీమతివంట, శాన పైసలంట. అందుకే గేటు దిక్కు చుక్క పడనియ్యక, ఎనక దిక్కు పైపు రేకుల కిందికి తోసి పోసినం. తెల్లారి పొడిమట్టి సల్లిచ్చేటోడు సార్. కస్టమర్ల బూట్లకు బురదంటొద్దని."

మోసం చేయాలనుకున్నవాడు కూడా ఇంత సక్రమంగా చేయలేడు. పరికరాలు పాడుకాకుండా కాపాడాడట! వాటిని మాత్రమే పొడిగా ఉంచి, చెట్లను తడిపాడు. ఆ పరికరాలు పాపం తాము చూసింది చెప్పాయి, కాండానికి కట్టినవి తాము చూసింది చెప్పాయి. రెండింటి నడుమ లేని వేళ్ళను పెద్దసారు బండలోకి దించాడు. ఈ మహా ఆవిష్కరణకు మూలం, ఆదివారం పూట ఎండిన ఆకు కనిపించకూడదన్న మా బామ్మర్ది భయం.

శైలజ ట్యాంకర్ దగ్గరికి వెళ్ళింది. దాని మీద చేయి వేసి నిలబడింది.

"ఇవి నా బోరు నీళ్ళే గద సత్తయ్యా?"

"అవునమ్మా. గౌడవెల్లివే."

ఆమె చేయి తీసి బస్సు వైపు నడిచింది. దారంతా బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏడ్చిందో లేదో నేను చూడలేదు. నాకు మాత్రం వాణ్ణి నిలువునా చీరేయాలనిపించింది.

వాడింటికి పోయి ఎంత తిట్టాలో అంతా తిట్టాను. మనోరమ కూడా తిట్టింది. వాడి సమాధానం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"అబ్బ, గా వారానికొక్క ట్యాంకర్‌తోని ఏమైతది బావా? గది ఊకె పైన తడిపినట్టు. అసలు నీళ్ళు లోపట్నుంచే తాగినయ్. గాళ్ళే రాసిండ్రు గద!"

"ఒరేయ్, నువ్వు పోసిన నీళ్ళను సూసే గాళ్ళు గట్ల రాసిండ్రురా!"

"గంత పెద్ద సైంటిస్టులకు నా ట్యాంకర్ సంగతి ఎరుక గాకుంటదా? గదంత లెక్కల తీసేసే ఉంటరు."

వాడు చెప్పిన అబద్ధం ఊరంతా తిరిగి, ఇంగ్లీషులో అచ్చై, శాలువా కప్పుకుని వాడి దగ్గరికే వస్తే, సొంత అబద్ధాన్ని గుర్తు పట్టలేకపోయాడు. పైగా దండం పెట్టాడు.

అశ్రితను తోటకు పిలిపించాను. ఎండుటాకుల మీద నడుస్తూ నేను చెప్పిందంతా విన్నది. కొమ్మ విరిచి చూసింది, పటుక్కున విరిగింది. ఆ ముక్క చేతిలో పట్టుకునే చెప్పింది.

"మా మోడల్ మొదట ఏం చెప్పిందో తెలుసా అంకుల్? ఈ నేలలో, ఇంత తక్కువ వానకు, చెట్టు శివరాత్రి నాటికి ఆకు రాలుస్తుంది, ఉగాది దాటాక కొమ్మలు చస్తాయి అంది. మేమే అది తప్పన్నాం. మేమే వేళ్ళు పొడవు చేశాం."

"అంటే మొదటి లెక్కే కరెక్టా?"

"అన్నిచోట్లా కాదు. ఇంకా చాలా తప్పులున్నాయి దాంట్లో. కానీ ఇక్కడ మాత్రం..." అని ఆగిపోయింది. "వెనక వైపు కూడా ఒక పరికరం పాతి ఉంటే తెలిసిపోయేది అంకుల్. ఆ మూలకు ఎందుకులే అని వదిలేశాను."

ఊళ్ళన్నింటినీ ఒకే గడి చేసిందని నేను వెక్కిరించిన ఆ లెక్కకు, మా ఇంటి మనిషికన్నా ఎక్కువ నిజాయితీ ఉంది. చెట్టు చస్తుందని చెప్పింది, చెట్టు చచ్చింది. దాని నోరు నొక్కి పచ్చగా పలికించింది మాత్రం మనుషులే.

ఆ పిల్ల తప్పు తప్పేనని సంస్థకూ పత్రికలకూ రాసి పంపింది. తొందరపడకు, ఒక్క చోటి కొలతలే కదా అని వాళ్ళ పెద్దసారు సణిగాడట. బిర్యానీ తిన్న పత్రికలవాళ్ళెవరూ ఆ సంగతి వేయలేదు. గేటు దగ్గర బోర్డూ పోలేదు. దాని వెనక శనివారం ట్యాంకరూ ఆగలేదు, గౌడవెల్లి బోరు ఎండితే ఇంకెక్కడి నుంచో తెప్పించుకున్నాడు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం, జేసీబీ తోటలోకి వస్తోందని మనోరమకు కబురందింది. ఇద్దరం పరుగున వెళ్ళాం. కస్టమర్లను కూడా రెండు కార్లలో వెంటేసుకొచ్చాడు మహానుభావుడు. తోటంతా మోడులే. మోటారు గది పక్కన మాత్రం నాలుగు చెట్లు పచ్చగా ఉన్నాయి. ఇంట్లో గిన్నెలు కడిగిన నీళ్ళు, బట్టలు ఉతికిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు బిందెలకెత్తి తెచ్చి వాటిని బతికించుకుంది శైలజ. ఆ చెట్ల ముందు నిలబడి ఉంది.

"పక్కకు జరుగు శైలజా," అన్నాడు వీడు, కస్టమర్ల వైపు చూసి నవ్వుతూ. "నేను మాట తప్పలే. పచ్చగున్నన్ని దినాలు అన్న. ఇగ ఎండె గద."

"పచ్చగనే ఉన్నది."

"నాలుగు చెట్లను తోట అంటరా ఎవడన్న?"

శైలజ గొంతు పెంచింది. ఆమె గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. కార్లలోంచి దిగినవాళ్ళు కూడా తల తిప్పారు.

"నీ గేటు కాడ గుప్పెడు చెట్లకు వనం అని బోర్డు పెట్టినవు గద. నా బోరు నీళ్ళు దొంగసాటుగ పోసి, కరువుకు ఎండని వనం అని శాలువ కప్పుకుంటివి. గది వనమైతే, నాది తోట గాదా?"

కస్టమర్లలో ఒక పెద్దాయన, "శామీర్‌పేట చెట్లకు నీళ్ళు పోశారా?" అని అడిగాడు. ఆయన ఆ బోర్డు చూసే ప్లాటు కొన్నాడట. మధుసూదన్ నోరు తెరిచాడు, మూశాడు. పత్రరంధ్రాల పాఠం ఇన్నేళ్ళకు ఎక్కింది. జేసీబీ వెనక్కి తిరిగింది. మనోరమ తమ్ముడి మొహం చూడకుండా వెళ్ళి మరదలి పక్కన నిలబడింది.

ఆ నాలుగు చెట్లూ ఉన్నాయి. మిగతా నేల కూడా, సాక్షుల ముందు అన్న మాట కాబట్టి, వీడు ముట్టలేకపోతున్నాడు. మోడులు తీసిన గుంతల్లో శైలజ మళ్ళీ మొక్కలు పెట్టింది. వీడు మాత్రం మారలేదు. నిన్న కూడా ఫోన్ చేసి, బోర్డుకు కొత్త రంగు వేయిస్తున్నా, ఏ రంగు బాగుంటది బావా అని అడిగాడు. నల్లరంగు వేయించుకోమన్నాను. మంచిగుంటది గదా అన్నాడు.

మొన్న అశ్రిత తోటకు వచ్చింది. ఈ నాలుగు చెట్లనూ, కొత్త మొక్కలనూ కొలుచుకుంటానంది. ఈసారి అన్ని వైపులా పరికరాలు పాతుతానంది. శైలజ బిందెతో నీళ్ళు పోస్తూనే వింది.

"మేడం, మీరు నీళ్ళు పోయడం ఆపక్కర్లేదు," అంది పిల్ల మెల్లగా. "ఎన్ని పోస్తున్నారో మాత్రం నిజం చెప్తే చాలు."

"జెప్త బిడ్డా," అంది శైలజ, బిందె బోర్లించి. "గీ ఇంట్ల అబద్ధమాడెటోడు ఒక్కడు సాలు."